డ్రైనేజీ పొంగితే ముందు సంపు చూడండి

గట్టి వాన పడి హైదరాబాద్ తార్నాక వీధిలో మ్యాన్‌హోల్ నిండితే, కింది అంతస్తు బాత్రూమ్ జాలీలోంచి మురుగు పైకి తన్నుకొస్తుంది. ఇంటివాళ్లు నీళ్లు కొట్టి, ఫినాయిల్ చల్లుతారు. వాసన పోగానే పని అయిపోయిందనుకుంటారు. కానీ నేల మీది మురుగు కంటికి కనబడుతుంది, సంపులోకి దిగింది కనబడదు. మన ఇళ్లలో సంపు, డ్రైనేజీ ఛాంబర్ తరచూ ఒకే గోడ వెంట ఉంటాయి. టైఫాయిడ్, కామెర్లు ఇంట్లోకి వచ్చే ఒక దారి సంపులో కలిసిన ఆ మురుగే. అందుకే ముందు కరెంటు ఆపాలి, మోటారు వేయకూడదు. సంపు, ట్యాంకు ఖాళీ చేసి, కడిగి, క్లోరిన్ వేశాకే ఆ నీళ్లు వాడాలి. నేలను మొదట సబ్బునీళ్లతో రుద్ది, తరువాతే బ్లీచింగ్ వేయాలి. మురికి మీద వేసిన బ్లీచింగ్ సరిగా పనిచేయదు. బ్లీచింగ్‌తో బాత్రూమ్ యాసిడ్ కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

ఇంత కడిగినా, కారణం అలాగే ఉంటే మరో వానకు మళ్లీ ఇదే పని. ఆ కారణం పైపుల్లోనే ఉందంటారు చాలామంది. నగరానికి భూగర్భ డ్రైనేజీ ఆలోచన 1908 మూసీ వరద తరువాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాలతో రూపుదిద్దుకుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం చుట్టూ ఒకప్పుడు విడివిడి ఇళ్లున్న చోట ఇప్పుడు అపార్టుమెంట్లు లేచాయి. పైపులు పాతబడ్డాయి, చాలడం లేదు, మార్చాల్సింది నగర నీటి సరఫరా, మురుగునీటి సంస్థ జలమండలే అన్న వాదన న్యాయమైనదే. అయితే కొత్త పైపు కూడా మురుగు కోసం వేసేదే, వాననీటి కోసం కాదు. డాబా మీది వాన పైపును ఛాంబర్లో కలిపితే ఏ లైనైనా నిండుతుంది. నిండిన లైను అన్నిటికన్నా కిందున్న రంధ్రంలోంచి పొంగుతుంది. పై అంతస్తులవాళ్ల సౌకర్యానికి కిందివాళ్లు మూల్యం చెల్లించడం అన్యాయం. వాననీరు పోయే కాలువ మా వీధిలో లేదే అంటారు కొందరు. ఇంకుడుగుంత తవ్వుకోవచ్చు. అదీ చాలనిచోట కాలువ కోసం నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీని గట్టిగా అడగాలి. కింది అంతస్తు లైనుకు మురుగు వెనక్కి రాకుండా ఆపే వాల్వు పెట్టించుకోవడమూ మంచిదే. కానీ అది ఇంటిని కాపాడుతుందే తప్ప వీధిని కాదు.

తొందరలో ఎవరినో పిలిచి మ్యాన్‌హోల్లోకి దింపడం మాత్రం ఎన్నటికీ చేయకూడదు. లోపలి విషవాయువులు నిమిషాల్లో ప్రాణం తీస్తాయి. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దింపితే 2013 పాకీపని నిషేధ చట్టం ప్రకారం, తొలి నేరానికే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. జలమండలి నంబరు 155313. ఫోన్ చేయండి, యంత్రం వచ్చేదాకా ఆగండి.