గీత చెప్పని సంగతులు

2021 ఆగస్టు 5 తెల్లవారుజామున పులిచింతల ప్రాజెక్టు 16వ గేటు ఊడి వరదలో కొట్టుకుపోయింది. పల్నాడు అంచున కృష్ణానది మీద కట్టిన ఆ జలాశయంలో 45.77 టీఎంసీలు పడతాయి. పోయిన గేటు చోట తాత్కాలికంగా అడ్డుపెట్టే స్టాప్‌లాగ్ దించాలంటే ముందు నీటిమట్టం తగ్గాలి. అందుకని దాచుకోవాల్సిన నీళ్లను దిగువకు, ప్రకాశం బ్యారేజీ దాటించి సముద్రంలోకి వదిలేయాల్సి వచ్చింది. ఆ ప్రమాదానికి కారణమేమిటో తేల్చడం ఈ వ్యాసం పని కాదు. కానీ అలాంటి రాత్రి ఇంజనీర్లకు ఏం తెలిసి ఉండాలి? గేటు ఆకారం ఒక్కటీ తెలిస్తే చాలదు. ఏ భాగం ఎంత భారం మోస్తోంది, అది ఏ ఉక్కు, ఏ వెల్డింగు, ఆఖరిసారి ఎప్పుడు పరీక్షించారు, పక్క గేట్లలో అదే భాగం ఎలా ఉంది అన్నవన్నీ అప్పటికప్పుడు కావాలి. క్యాడ్ అని మనం పిలిచే కంప్యూటర్ డిజైన్ పరికరం అరవై ఏళ్లుగా ఈ ప్రశ్నకే జవాబు వెతుక్కుంటోంది. మధ్యలో చాలాకాలం ఆ సంగతే మరిచిపోయింది కూడా.

ముందు గేటునే కాస్త దగ్గరగా చూద్దాం. మాచర్ల మీదుగా విజయపురి సౌత్ వెళ్లి నాగార్జునసాగర్ స్పిల్‌వే చూసినవాళ్లకు అక్కడి 26 గేట్లు తెలిసినవే. ఒక్కొక్కటి సుమారు 45 అడుగుల వెడల్పు, 44 అడుగుల ఎత్తు. నీళ్లు గేటు పైఅంచు దాకా నిలిస్తే ఒక్కోదాని మీద పడే అడ్డతోపుడు లెక్క కడితే దాదాపు 1,200 టన్నులు వస్తుంది. గేటు ముఖం చదునుగా ఉండదు, వృత్తంలో ఒక ముక్కలా వంగి ఉంటుంది. నీటి ఒత్తిడి ఎప్పుడూ తలానికి లంబంగానే పడుతుంది కనుక, ఆ ఒత్తిడి గీతలన్నీ వృత్తకేంద్రం గుండా పోతాయి. సరిగ్గా ఆ కేంద్రంలోనే గేటు చేతులు తిరిగే ఇరుసు ఉంటుంది. ట్రనియన్ అంటారు దాన్ని. ఇందువల్ల నీటి తోపుడు గేటును మూయనూ మూయదు, తెరవనూ తెరవదు. ఎత్తే యంత్రానికి గేటు బరువూ రాపిడీ తప్ప మరో భారం ఉండదు. అయితే ఆ 1,200 టన్నులూ రెండు ఇరుసుల గుండానే స్తంభాల్లోకి దిగాలి. ఇంత అందమైన ఆలోచనలో ప్రాణమంతా ఆ రెండు చోట్లే ఉంటుంది.

డ్రాయింగులో ఆ ఇరుసును ఎలా గుర్తుపడతాం? చిన్న వృత్తం, దాని మధ్యలో అడ్డంగా నిలువుగా రెండు గీతలు. పక్కన మెట్లకు బోల్టు రంధ్రం ఉంటే అదీ అలాగే కనిపిస్తుంది. సాగర్‌కు శంకుస్థాపన జరిగింది 1955 డిసెంబరు 10న, కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టులో. ఆ కాలంలో ఇంజనీరింగ్ అంటే డ్రాయింగు బల్ల, టీ-స్క్వేర్, ట్రేసింగ్ కాగితం, ఇంకు పెన్ను. తప్పు గీత పడితే బ్లేడుతో గీకి మళ్లీ గీయాలి. ఒక కొలత మారితే అది ఎన్ని షీట్లలో ఉందో వెతికి అన్నిట్లోనూ మార్చాలి. ఏ వృత్తం ప్రాణం, ఏ వృత్తం మెట్ల బోల్టు అన్నది గీసినవాళ్ల తలలోనూ, చదివేవాళ్ల తలలోనూ ఉండేది. కాగితం మీద ఉండేది కాదు.

ఇదే సంగతి నరసరావుపేటలో ఏ లేతు షెడ్డుకు వెళ్లినా ఇంకా కనిపిస్తుంది. మిల్లు షాఫ్టు అరిగిపోయిందని ఎవరైనా కొత్తది తిప్పించుకోవడానికి వస్తారు. పాత షాఫ్టు చేతికిచ్చి, యాభై మిల్లీమీటర్లని చెబుతారు. టర్నరు వెర్నియర్ పక్కన పెట్టి, “బేరింగు పట్రా అన్నా, దానికి సరిపెట్టి తిప్పుతా” అంటాడు. అతను అడిగినదాంట్లో పెద్ద శాస్త్రమే ఉంది. 6310 బేరింగు లోపలి వ్యాసం పేరుకు 50 మిల్లీమీటర్లు, నిజానికి 50కి సమానంగా గానీ 12 మైక్రాన్ల దాకా తక్కువగా గానీ ఉండొచ్చు. దాంట్లోకి బిగువుగా కూర్చోవాల్సిన షాఫ్టుకు ప్రమాణ పుస్తకం చెప్పే ఫిట్లలో ఒకటి 50 కె6. అంటే షాఫ్టు 50 మిల్లీమీటర్లకు 2 నుంచి 18 మైక్రాన్లు ఎక్కువ ఉండాలి. తల వెంట్రుక మందంలో నాలుగో వంతు అటూఇటూ. అంతకంటే లూజైతే బేరింగు షాఫ్టు మీద జారి తిరుగుతుంది, మరీ టైటైతే వేడెక్కి పట్టేస్తుంది. అదే షాఫ్టు మీద బేరింగు లేని చోట వ్యాసం అరమిల్లీమీటరు తేడా వచ్చినా నష్టం లేదు. బొమ్మలో మాత్రం రెండు చోట్లా ఒకే రకం గీత. ఇక్కడ బేరింగు కూర్చుంటుంది అన్న ఒక్క మాట తెలిస్తే మిగతా కొలతలన్నీ దాని వెంటే వస్తాయి. షెడ్డులో టర్నరు వెతికేది ఆ మాటనే.

కంప్యూటరుకు ఆ మాట నేర్పాలని మొదట ప్రయత్నించినవాడు ఐవన్ సదర్లాండ్. సాగర్‌లో రాతికట్టడం సాగుతున్న రోజుల్లో, 1963 జనవరిలో, అమెరికాలోని ఎంఐటీకి అతను స్కెచ్‌ప్యాడ్ అనే పరిశోధన సమర్పించాడు. గైడు సమాచార సిద్ధాంతానికి ఆద్యుడైన క్లాడ్ షానన్. యంత్రం గది నిండా ఉండే టీఎక్స్-2. తెర అటూఇటూ ఏడేసి అంగుళాలు, చేతిలో ఒక లైట్ పెన్. ఆ చిన్న తెర మీద సదర్లాండ్ చేసి చూపినదాన్ని నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే తర్వాతి కథంతా అందులోనే ఉంది. చేత్తో వంకరటింకరగా ఆరు గీతలు గీస్తాడు. మూలలన్నీ ఒకే వృత్తం మీద ఉండాలి, భుజాలన్నీ సమానంగా ఉండాలి అని బటన్లు నొక్కి షరతులు పెడతాడు. బొమ్మ తనంతట తాను సర్దుకొని సరైన షడ్భుజి అయిపోతుంది. దాన్ని మూలబొమ్మగా పెట్టుకొని వందల కాపీలు పేర్చవచ్చు, మూలాన్ని ఒక్కచోట దిద్దితే కాపీలన్నీ మారతాయి. సాగర్ గేట్లకు ఇలాంటిది ఉంటే 26 గేట్లకూ ఒక్క దిద్దుబాటు సరిపోయేది. ఇంకో అడుగు ముందుకు వేసి, ఒక వంతెన బొమ్మ గీసి దాని మీద బరువు వేలాడదీస్తే ఏ కడ్డీలో ఎంత బలం పడుతోందో అంకెల్లో చూపించాడు. అంటే పుట్టిన రోజునే క్యాడ్‌కు గీతతోపాటు గీతల మధ్య బంధుత్వం తెలుసు, కొంతవరకు వాటి పనీ తెలుసు. 1988లో సదర్లాండ్‌కు ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. నా లెక్కలో అది చాలా ఆలస్యం.

పరిశ్రమ చేతికి వెళ్లాక ఆ తెలివి జారిపోయింది. జనరల్ మోటార్స్, ఐబీఎం కలిసి డాక్-1 అనే డిజైన్ వ్యవస్థ చేశాయి. ఫ్రాన్సులో సిట్రోయన్ కంపెనీలో పాల్ ద కాస్తెల్జో, రెనో కంపెనీలో పియర్ బెజియె కారు ఒంటి వంపులను గణితంలో పట్టుకునే దారి కనిపెట్టారు. ఇవి గొప్ప పనులే, కానీ అన్నీ ఆకారం కోసం చేసినవి. షరతులు పెట్టి పరిష్కరించాలంటే పెద్ద యంత్రం కావాలి, ఆ ఖర్చు ఎవరు పెడతారు? 1982లో వచ్చిన ఆటోక్యాడ్ మామూలు పర్సనల్ కంప్యూటర్ మీద నడిచింది, అందుకే ఊరూరా పాలిటెక్నిక్‌ల దాకా చేరింది. దానివల్ల జరిగిన మేలు చిన్నది కాదు. అయితే అది చాలాకాలం అచ్చంగా డ్రాయింగు బల్లే, బ్లేడు గీకుడు మాత్రం తప్పింది. సదర్లాండ్ 1963లో చూపిన షరతులు ఆటోక్యాడ్‌లోకి 2010 వెర్షన్‌తో గానీ రాలేదు.

దారి మళ్లీ రెండు వైపుల నుంచి తెరుచుకుంది. కేంబ్రిడ్జిలో ఇయన్ బ్రెయిడ్ తదితరులు 1970లలో ఘనరూపాన్ని కంప్యూటరులో నిలిపారు. గీతల పంజరం పోయి, లోపలేదో బయటేదో తెలిసిన వస్తువు వచ్చింది, కాబట్టి బరువెంతో అడిగితే చెప్పగలిగింది. సోవియట్ దేశం నుంచి అమెరికా వెళ్లిన గణితవేత్త శామ్యూల్ గైస్‌బర్గ్ 1985లో పీటీసీ స్థాపించి, రెండు మూడేళ్లలో ప్రో-ఇంజనీర్ తెచ్చాడు. అందులో రంధ్రం ఒక వృత్తంలా కాక రంధ్రంగానే నమోదవుతుంది. ఇటు నుంచి అటు దాకా పోయే రంధ్రమని చెబితే పలక మందం పెంచినా రంధ్రం ఆ చివరిదాకా పోతుంది. పలక అంచు నుంచి ఇంత దూరమని చెబితే అంచుతోపాటే జరుగుతుంది. పావు శతాబ్దం పక్కన పడి ఉన్న సదర్లాండ్ ఆలోచన ఇలా కర్మాగారంలోకి వచ్చింది.

ఈ కథలో తెలుగువాళ్ల వంతు హైదరాబాద్‌లో మొదలైంది. 1991లో బి.వి.ఆర్. మోహన్ రెడ్డి స్థాపించిన ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ తొలినాళ్లలో కాగితం మీది డ్రాయింగులను, మ్యాపులను డిజిటల్‌లోకి మార్చే పని చేసింది. తర్వాత విమాన ఇంజన్ల డిజైను దాకా ఎదిగింది, 2014లో సైయెంట్ అని పేరు మార్చుకుంది. మార్పిడి పనిని చిన్నచూపు చూసేవాళ్లతో నాకు పేచీ. స్కాన్ చేసిన పాత డ్రాయింగులో ఏది వస్తువు అంచు, ఏది మధ్యరేఖ, ఏది కొలత బాణం, ఏది ఒట్టి ఇంకు మరక అని తేల్చాల్సింది తెర ముందు కూర్చున్న మనిషే. అంతటి అర్థం చేసుకునే పని చేసి, ఆ అర్థాన్ని దాచే చోటు ఫైలులో లేక గీతగానే తిరిగి పంపాల్సి రావడం ఆ రోజుల విషాదం.

అర్థానికి చోటు కల్పించే ప్రయత్నం కంపెనీలు ఒకరి ఫైలు ఒకరు చదవలేక అవస్థపడటంతో మొదలైంది. 1980లో ఐజెస్ అనే మార్పిడి పద్ధతి వచ్చింది, అది ప్రధానంగా గీతలూ తలాలూ మోసేది. 1994లో స్టెప్ అనే అంతర్జాతీయ ప్రమాణం, ఐఎస్ఓ 10303, తొలి భాగాలు వెలువడ్డాయి. క్యాటియా సాఫ్ట్‌వేర్‌లో మొత్తంగా డిజైను చేసిన బోయింగ్ 777 మొదటిసారి ఎగిరిందీ ఆ ఏడాది జూన్‌లోనే. 2014లో వచ్చిన స్టెప్ ఏపీ242 మన షాఫ్టుకు నేరుగా పనికొస్తుంది. అంతకుముందు 50 కె6 అన్నది బొమ్మ పక్కన అతికించిన అక్షరాలు, మనిషి చదువుకోవాలి. ఏపీ242లో అది ఫలానా తలానికి కట్టిన సమాచారం. కోత యంత్రమూ చదువుతుంది, కొలిచే యంత్రమూ చదువుతుంది. టర్నరు అడిగిన మాటలో సగం ఇక్కడ దొరికింది.

మిగతా సగం, ఇక్కడ బేరింగు ఎందుకుంది, అది పోతే ఏమవుతుంది అన్నది, సెమాంటిక్ మోడలింగ్ పని. వస్తువును దాని పని, దాని నడవడి, దాని నిర్మాణం అని మూడుగా చూడాలని 1990లో జాన్ గీరో ప్రతిపాదించాడు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఇలాంటి ఆలోచనతోనే కోర్ ప్రోడక్ట్ మోడల్ తయారుచేసింది. 2004లో ఔల్ అనే ప్రమాణ భాష వచ్చాక ఇలాంటి జ్ఞానాన్ని కంప్యూటరు తర్కించగలిగేలా రాయడం కుదిరింది. గేటుకు అన్వయిస్తే ఇలా ఉంటుంది: ఈ పిన్ను ట్రనియన్‌లో భాగం. ట్రనియన్ గేటు భారాన్ని స్తంభానికి అందిస్తుంది. స్తంభంలోని ఈ యాంకరు ఆ భారాన్ని పట్టుకుంటుంది. ఈ యాంకరు ఫలానా బ్యాచ్ ఉక్కు. ఇవి విడివిడి వాక్యాలే. కానీ ఒక యాంకరులో బీట కనిపించిందని రాయగానే, అదే బ్యాచ్ ఉక్కు ఏయే గేట్ల భారం మోస్తోందో, ఏవి ముందు చూడాలో కంప్యూటరే జాబితా ఇస్తుంది. ఎవరూ ఆ జాబితా ముందుగా రాసిపెట్టి ఉండరు. ఇంతటి ప్రయోజనం ఉన్నా ఇది విమానాల కంపెనీల గుమ్మం దాటి రావడానికి ఇంత కాలం పడుతుండటం నాకు బాధగానే ఉంటుంది.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. రాయలసీమ ఆయకట్టు గుండె ఆగినంత పనైంది. అప్పుడు అందరూ పిలిచింది విశ్రాంత ఇంజనీరు, గేట్ల నిపుణుడు ఎన్. కన్నయ్యనాయుడును. వయసు మీదపడినా ఆయన దగ్గరుండి, నీళ్లు పారుతుండగానే స్టాప్‌లాగ్ ముక్కలు దింపించి, వారం రోజుల్లో ప్రవాహం ఆపించారు. ఆయన బుర్రలో ఉన్నది గేట్ల ఆకారాల జాబితా కాదు, దశాబ్దాల ‘ఎందుకు’ల నిధి. దాన్ని రాసిపెట్టే పద్ధతులూ లేకపోలేదు. ఒక ప్రశ్న, దానికి ఎంచుకున్న జవాబు, అనుకూల వాదన, వ్యతిరేక వాదన అని నమోదు చేసే ఐబిస్ పద్ధతిని హార్స్ట్ రిట్టెల్, వెర్నర్ కున్జ్ 1970లోనే చెప్పారు. సాఫ్ట్‌వేర్ ఖర్చన్న సాకూ లేదు, ఫ్రీక్యాడ్ ఉచితంగా దొరుకుతుంది, స్టెప్ ఫైళ్లు చదువుతుంది, రాస్తుంది.

పెద్ద డ్యాంలతో మొదలుపెట్టక్కర్లేదు. సాగర్ కుడికాలువ పల్నాడు పొడవునా పారుతోంది, దాని మీద రెగ్యులేటర్లూ తూములూ బోలెడు. నరసరావుపేట ఇంజనీరింగ్ పిల్లలు ఒక రెగ్యులేటర్ తీసుకొని దాని షట్టర్లను ఫ్రీక్యాడ్‌లో నిలపవచ్చు. కొలతలు టేపుతో వచ్చేస్తాయి. ఏ షట్టరు ఎన్ని చుట్లకు పట్టేస్తుంది, ఏ మర ఎప్పుడు మార్చారు, ఏ సీలు పక్కన నీళ్లు కారతాయి, పోయినసారి ఎందుకు అలా బిగించారు అన్నవి కాలువను కనిపెట్టుకునుండే లస్కర్లకే తెలుసు. వాళ్లు రిటైరయ్యే లోపు పక్కన కూర్చొని అడగాలి, ఒక్కో జవాబునూ ఆ భాగానికే కట్టి రాయాలి.