సంఘపు వెబ్‌సైటునకు దస్త్రములు పంపు విధము

ఎరువుల ధరలను, విత్తనముల నిలువలను, మహాజనసభ తేదీలను వెబ్‌సైటులో ప్రకటించు సహకార సంఘములు నేడు గలవు. అది మెచ్చదగిన పనియే. కాని అందు నిలిచిపోయిన పాత ధర గోడమీది పాత కాగితము కన్న నెక్కువ చెఱుపు చేయును. గోడకాగితము వెలిసిపోవును గాన పాతదని చూచినంతనే తెలియును. వెబ్‌సైటులోని పుటకు వయస్సు కానరాదు. ఆటోకు కూలి యిచ్చుకొని వచ్చిన రైతు ఆ ధరకు సరుకు లేదని విని మరలిపోయినచో, ఆతడు నిందించునది సర్వరును గాదు, సంఘమును.

తఱచుగా కార్యదర్శి పుటను దిద్దియే యుండును. ఆయన దిద్దినది సంఘపు కంప్యూటరులోని ప్రతి; లోకము చదువునది హోస్టింగు సంస్థవారి సర్వరులోని ప్రతి. ఈ భేదమును గ్రహింపనిచో తక్కినదేదియు బోధపడదు. హోస్టింగనగా అద్దెకు దీసికొన్న గిడ్డంగి వంటిది. డొమెయిను పేరు దానికి చిరునామా. సాధారణముగ రెంటికిని వేర్వేరుగా రుసుము చెల్లింపవలెను. కళ్లములోని ధాన్యము దానంతట గిడ్డంగికి చేరనట్లే, దిద్దిన దస్త్రమును మనమే సర్వరునకు పంపవలెను. దీనినే అప్‌లోడు చేయుట యందురు.

ఇందుకు చిరకాలముగ వాడుకలోనున్న పద్ధతి ఎఫ్.టి.పి. దాని మొదటి నిబంధనలను 1971 ఏప్రిలులో వ్రాసినవారు కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివి అమెరికాలోని ఎం.ఐ.టి.కి వెళ్లిన అభయ్ భూషణ్ గారు. మనవాడొకడు వేసిన బాట యని సంతసింపవచ్చును. అయినను ఆ బాటను నేడు మన పనికి వాడరాదని మా యభిప్రాయము. ఏలయన అందు పాస్‌వర్డు పోస్టుకార్డుమీది వ్రాతవలె మఱుగులేక పోవును. 1995లో ఫిన్లండునందు ఒక విశ్వవిద్యాలయపు నెట్‌వర్కులో పాస్‌వర్డులు దొంగిలింపబడగా, అచ్చటి తాతు యూలోనెన్ ఎస్.ఎస్.హెచ్. అను మూసిన మార్గమును నిర్మించెను. ఎస్.ఎఫ్.టి.పి. ఆ మార్గముననే నడుచును. పాతదాని పోర్టు సంఖ్య 21, దీనిది 22. ఫైర్‌ఫాక్సు, క్రోము బ్రౌజరులు రెండును 2021లో ఎఫ్.టి.పి.ని విడిచిపెట్టినవి.

ఫైల్‌జిల్లా యను ఉచిత సాధనమును తెఱచి సర్వరు చిరునామా, వాడుకరి పేరు, పాస్‌వర్డు, పోర్టు సంఖ్య వ్రాసినచో ఎడమప్రక్క మన కంప్యూటరు, కుడిప్రక్క సర్వరు కనబడును. పెక్కు హోస్టింగు ఖాతాలలో ‘పబ్లిక్ హెచ్.టి.ఎం.ఎల్.’ అను అర యుండును. అందులో నుంచినదే లోకమునకు కనబడును. దాని వెలుపల నుంచినది తాళములోని సరుకే.

అచ్చట నొక చిక్కు గలదు. ముఖపుటకు ఇండెక్స్ అని పేరు. ఇంగ్లీషులో దానిని పెద్ద యక్షరముతో వ్రాసినను, చిన్న యక్షరముతో వ్రాసినను విండోస్ కంప్యూటరునకు ఒక్కటే. లినక్సు సర్వరునకు మాత్రము అవి రెండు వేర్వేరు దస్త్రములు. కార్యదర్శి పెద్ద యక్షరముతో నున్న క్రొత్త పుటను పంపి, చేరినదని తృప్తిపడును; చిన్న యక్షరపు పాత పుట తొలగక దాని ప్రక్కనే నిలిచి పాత ధరలనే చూపుచుండును. కావున పేర్లన్నియు చిన్న యక్షరములతోనే, నడుమ ఖాళీ లేక వ్రాయవలెను.

దస్త్రమును యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో భద్రపఱచి, ఆ సంగతి పుట తలభాగమున తెలుపవలెను. లేనిచో మన తెలుగు కొన్నియెడల పిచ్చిగీతలుగ మాఱును. అనుమతుల సంఖ్య దస్త్రములకు 644, అరలకు 755 ఉండుట వాడుక. పని జరుగలేదని 777 పెట్టుమని సలహా నిచ్చువారు గలరు. సర్వరులోని ఇతరులకు కూడ వ్రాయు హక్కు నిచ్చు సంఖ్య యది, వారి మాట వినరాదు.

పంపిన పిదప మఱియొకరి ఫోనులో పుటను తెఱచి చూడవలెను. మన బ్రౌజరు తాను దాచుకొన్న పాత ప్రతిని చూపవచ్చును.

ఖాతా ఎవరి పేర నున్నదో కార్యవర్గము విచారింపవలెను. పని తెలిసిన కుఱ్ఱవాడు తన సొంత ఈమెయిలుతో ఖాతా తెఱచి, ఉద్యోగమునకై పట్టణము పోయినచో, గడువు తెలుపు లేఖలు ఆతనికే పోవును. రుసుము చెల్లక సంఘపు పేరే చేజారవచ్చును. ఖాతా సంఘపు ఈమెయిలుతో నుండవలెననియు, పాస్‌వర్డు ఇద్దఱు బాధ్యుల యొద్ద నుండవలెననియు తీర్మానపు పుస్తకమున వ్రాసికొనుట మేలు. అప్‌లోడునకు ముందు సర్వరులోని ప్రతిని దింపి తేదీ పేరిట వేఱుగ నుంచవలెను. క్రొత్త దస్త్రము అదే పేరుగల పాతదానిపై వ్రాయబడిన పిమ్మట, ప్రతి లేనిచో పాతది సాధారణముగ మరల దొరకదు.