ప్రత్తికాయలోని శత్రువు: గులాబీరంగు పురుగు



గత కార్తీకమాసమున సంఘపు పనిమీద నేను హైదరాబాదునకు పోయి, అఫ్జల్‌గంజులో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమునకు సమీపమున బస్సు కొఱకు నిలిచియుంటిని. ప్రక్కన ఒక వృద్ధ రైతు చేతిసంచితో నిలిచియుండెను. సంచిలో మూడు మందుసీసాలు, తువ్వాలు కొంగున పది పచ్చి ప్రత్తికాయలు గలవు. నేను వ్యవసాయశాఖవాడనని తెలిసికొని, "సారూ, ఈ మూడును కలిపి కొట్టిన పురుగు చచ్చునని దుకాణమున చెప్పినారు. నిజమేనా?" అని యడిగెను.

ఒక కాయను కత్తితో చీల్చి చూపితిని. పైన రంధ్రము లేదు. లోపల గింజ నడుమ గులాబీరంగు పురుగు మెదలుచుండెను. "పెద్దయ్యా, ఇది ఇంట దూరి తలుపు మూసికొన్నది. మీరు కొట్టు మందు కాయపై పడునే గాని లోనికి పోదు" అంటిని. ఆయన చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "నాలుగువేలు అప్పుచేసి తెచ్చినాను" అని మాత్రము చెప్పెను. ఆ మాట నన్ను వదలలేదు. అందువలననే ఈ వ్యాసము.

ఈ పురుగు మనకు క్రొత్తది కాదు. భరోచిలో ప్రత్తిని పాడుచేయుచున్న దీనిని 1843లోనే సాండర్సు అను శాస్త్రజ్ఞుడు వర్ణించెను. తల్లిరెక్కలపురుగు మొగ్గలమీదను లేతకాయలమీదను గ్రుడ్లు పెట్టును. నాలుగైదు దినములలో పిల్లపురుగు వెలువడి, కొన్ని గంటలలోనే పువ్వులోనికో కాయలోనికో దూరును. దూరిన రంధ్రము పూడిపోవును. పువ్వులో దూరినచో రేకులు విచ్చుకొనక ముడుచుకొనియుండును. వానినే మనము గుడ్డిపూలనుచున్నాము. కాయలో దూరినచో గింజను తినును, దూదికి రంగు పట్టించును, కాయ సరిగా పగులదు. పంట ముగియు కాలమున కొన్ని పురుగులు రెండు గింజలను జతగా అంటించుకొని వాని నడుమ నిద్రించును. ఆ నిద్ర నెలల తరబడి సాగును. గింజలోను, ఎండుకాయలోను, ప్రత్తికట్టెలోను నిద్రించిన ఆ పురుగే మఱుసటి యేటి పంటకు బీజము.

2002లో బీటీ ప్రత్తి మన దేశమున అనుమతింపబడెను. 2006లో రెండు జన్యువుల రకము వచ్చెను. కొన్నియేండ్లు కాయపురుగులు తగ్గి, రైతులు ఊపిరి పీల్చుకొనిరి. కాని 2010లో గుజరాతున ఈ గులాబీరంగు పురుగు మొదటి జన్యువునకు లొంగకున్నదని తెలియవచ్చెను. తరువాత రెండవదానికిని లొంగకుండెను. ఇందుకు మన తప్పును కొంత గలదు. విత్తనపు సంచితోపాటు 120 గ్రాముల బీటీ కాని విత్తనమును వేఱు పొట్లముగా ఇచ్చెడివారు. దానిని చేనిచుట్టు విత్తినచో, మందు తగులని మామూలు పురుగులు అచట పెరిగి, మొండికెత్తినవానితో జతకూడి, ఆ మొండితనమును పలుచన చేయును. చాలమంది ఆ పొట్లమును పాఱవేసిరి. నేనును ఆ దినములలో దానినిగూర్చి గట్టిగా చెప్పనైతిని. అది నా లోపము.

మందుమీద మందు కొట్టుట మనకెంత కీడుచేసెనో ఓరుగల్లు ప్రాంతపు పెద్దలెఱుగుదురు. 1997–98లో పొగాకు లద్దెపురుగు ప్రత్తిని తినివేసినపుడు, అప్పులపాలై ఎందఱో రైతులు ప్రాణములు తీసికొనిరి. అదే ఖమ్మము ప్రాంతమున పాల్వంచకు చేరువనున్న పునుకుల గ్రామస్థులు వేపగింజల కషాయము, దీపపు ఎరలు మొదలగువానిని ఊరంతయు కలిసి వాడి, 2004 నాటికి పురుగుమందులు లేని గ్రామముగా పేరుపొందిరి. ఊరంతయు కలిసి యనునదే అందలి కీలకము.

ఇక చేయవలసిన పని.

విత్తిన 45 దినములకు లింగాకర్షక బుట్టలను ఎకరమునకు రెండు చొప్పున కట్టవలెను. మగ రెక్కలపురుగులు వానిలో పడును. ఎరను మూడు నాలుగు వారములకొకసారి మార్చవలెను. వరుసగా మూడు రాత్రులు బుట్టకు ఎనిమిదేసి పడినచో ప్రమాదము దాపురించెనని తెలియునది. అట్లే చేనిలో అచ్చటచ్చట ఇరువది పచ్చికాయలు కోసి చీల్చి చూడుడు. రెండింట పురుగున్నచో మందు అవసరము. గుడ్డిపూలను ఏరి నాశనము చేయుడు. గట్లమీది తుత్తురుబెండ వంటి కలుపును పీకివేయుడు.

మొగ్గదశయందు వేపగింజల కషాయము మేలు. అయిదు కిలోల గింజల పప్పును నూఱి, పది లీటర్ల నీట రాత్రి నానబెట్టి, వడగట్టి, నూఱు గ్రాముల సబ్బుపొడి చేర్చి, నూఱు లీటర్లు చేసి చల్లవలెను. ఇది పురుగు కాయలో దూరకముందే పనిచేయును. రసాయనిక మందు తప్పనిసరియైనచో ఒక్కటే వాడుడు; కలుపరాదు. ఆరంభముననే పైరిత్రాయిడు మందులు కొట్టినచో తెల్లదోమ పెరుగును. సీసామీద ఎఱ్ఱ ముక్కోణమున్న మందు అన్నింటికన్న ఘోరమైన విషము. అఫ్జల్‌గంజులోనే ఉస్మానియా ఆసుపత్రి గలదు. చేతికి తొడుగు, మూతికి గుడ్డ లేక మందు కొట్టి అట్టి ఆసుపత్రులకు చేరిన రైతులను నేను చూచితిని.

అన్నిటికంటె ముఖ్యమైనది ప్రత్తికట్టె. డిసెంబరు ముగియునప్పటికి పంట ముగింపవలెను. నీరు పెట్టి రెండవ కాపు తీయుట పురుగునకు అన్నము పెట్టుటయే. ఏరిన పిదప చేనిలో గొఱ్ఱెలను మేకలను మేపి, కట్టెను యంత్రముతో ముక్కలుచేసి దున్నవలెను. వంటచెఱకునకై దొడ్డిలో పేర్చరాదు. ఈ బోధ చేయు నేనే ఒకయేడు మా దొడ్డిలో కట్టె పేర్పించితిని. మఱుసటి వర్షాకాలమున మా యింటి ప్రక్క చేనిలోని బుట్టలలోనే అన్నింటికంటె ముందుగా రెక్కలపురుగులు పడెను. ఆ చేను నాది కాదు, పొరుగువానిది. ఆతనికి ముఖము చూపుటకు సిగ్గుపడితిని.

రెక్కలపురుగునకు గట్టు లేదు, పట్టా లేదు. పదిమంది కట్టె దున్నినను పదునొకండవవాడు మార్చి వఱకు చేను నిలిపినచో పదిమంది శ్రమయు వ్యర్థము. అందుచేతనే 1919లో చెన్నరాజధానియందు పంటల తెగుళ్ల చట్టము చేసి, కోయంబత్తూరు ప్రాంతమున ప్రత్తిమోళ్లను గడువులోపల పీకించిరి. అమెరికా దేశమున రైతులు, ప్రభుత్వము కలిసి బీటీ ప్రత్తి, గొడ్డు రెక్కలపురుగుల విడుదల, ఎరలు, మోళ్ల దున్నకము ఒక్కటిగా సాగించి, 2018 నాటికి ఆ పురుగును తమ ప్రత్తిచేలనుండి పూర్తిగా తొలగించిరి.

మనకు చట్టముకంటె సంఘమే దగ్గర. బుట్టలను, ఎరలను సంఘము టోకున కొనవచ్చును. కట్టె ముక్కలుచేయు యంత్రమును తెచ్చి సభ్యులకు అద్దెకీయవచ్చును. ఊరంతటికి ఒక గడువు దినము తీర్మానింపవచ్చును. కడపటి రెండు క్వింటాళ్లకై పంట నిలుపుకొనవలసిన పేదసభ్యుడున్నచో, ఆతని నిందింపక, శనగకో నువ్వునకో విత్తనము అప్పుగా నిచ్చి ఆ నష్టమును సంఘమే కొంత పంచుకొనుట న్యాయము.

వచ్చు సర్వసభ్య సమావేశమునకు ప్రతి సభ్యుడును తన చేనినుండి ఇరువది కాయలు తెచ్చిన బాగుండును. అందఱి యెదుట చీల్చి చూచి, గడువును అచ్చటనే నిర్ణయించుకొందము.