మూలరూపమే మూల్యము

హైదరాబాదు నగరమున మలక్‌పేట పేరు చెప్పినంతనే గుఱ్ఱపుపందెములు స్ఫురించును. మౌలాలిలో జరుగుచుండిన పందెములను ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ 1886లో తన భవనమునకు చేరువగా మలక్‌పేటకు తరలించెను. గుఱ్ఱములపై అంత మక్కువ గల ఆ ప్రభువే తన చివరి దినములలో ఇంగ్లండు నుండి ఒక మోటారుకారును తెప్పించుకొన గోరెను. పసుపు వన్నెతో 1912లో తయారైన ఆ రోల్స్‌రాయిస్ వచ్చునప్పటికి ఆయన లేడు, 1911లోనే గతించెను. ఆ కారు మొత్తము మీద 356 మైళ్ళు మాత్రమే నడచినదని చెప్పుదురు. నేడది చౌమహల్లా భవనమున చూపఱులకు కనువిందు చేయుచున్నది.

రాజుగారి కారు చెక్కుచెదరక నిలిచినదనుటలో వింత లేదు. దానికి పని తక్కువ, పరిచారకులు ఎక్కువ. ఎండనక వాననక మనుషులను, మూటలను మోసిన బండి డెబ్బది యేండ్లకును పుట్టినప్పటి రూపముతో నిలుచుటయే వింత. అమెరికా దేశపు స్టేషన్ వాగన్ అట్టి కష్టజీవి. చక్కని స్థితిలో నున్న స్టేషన్ వాగన్ అమ్మకమునకు వచ్చినదని వినగానే పాతకార్ల ప్రియులు దూరము లెక్కింపక పోయి చూచుట అందులకే.

దాని పుట్టుక దాని పేరులోనే కలదు. మన ఊళ్ళలో రైలు వచ్చు వేళకు స్టేషను ముంగిట జట్కాలు బారులు తీరినట్లే, అమెరికాలోను ప్రయాణికులను, వారి పెట్టెలను ఇంటికో హోటలుకో చేర్చుటకు బాడుగబండ్లు వేచియుండెడివి. గుఱ్ఱము పోయి మోటారు వచ్చిన పిదప, ఫోర్డు ‘మోడల్ టి’ చట్రముపై కొయ్యతో గది కట్టి, వెనుక సామానునకు చోటు విడిచి, ఆ పనికే వాడిరి. స్టేషనుకు పోవు బండి గనుక స్టేషన్ వాగన్ అయ్యెను. 1923లో స్టార్ కారు తయారీదారులును, 1929లో ఫోర్డు కంపెనీయు దానిని తమ సొంత నమూనాగా విక్రయింప నారంభించిరి. ఫోర్డు కంపెనీ మిచిగన్ రాష్ట్రమున అడవులు కొని, ఐరన్ మౌంటెన్ అను ఊర కోతమిల్లు నెలకొల్పెను. ఇనుపకొండ యని పేరు గల ఊరు కార్లకు కొయ్య నిచ్చుట ఒక చమత్కారము!

కొయ్యకు అందమున్నంత ఆయువు లేదు. ఎండకు బీటలు వాఱును, వానకు కుళ్ళును, అతుకులు సడలి కిఱ్ఱుమనును. వార్నిషు పూయుట మఱచినచో చెడిపోవును. ఈ బాధ లేకుండ 1946లో విల్లీస్ కంపెనీ అంతయు ఉక్కుతో జీప్ స్టేషన్ వాగనును విరివిగా తయారుచేసెను. దానిని రూపొందించినవాడు బ్రూక్స్ స్టీవెన్స్. అయినను జనుల కన్ను కొయ్యకు అలవాటుపడి యుండెను గనుక, ఉక్కు రేకుపై కొయ్యపలకల పోలికగా రంగు వేసిరి. కొయ్య పోయినను కొయ్యపై మమత పోలేదు. నిజమైన కొయ్యబండిని బ్యూక్ కంపెనీ 1953 వరకు చేసెను.

మన దేశమున అమెరికా కార్ల కథ వేఱు. జనరల్ మోటార్స్ కంపెనీ 1928 నుండి బొంబాయిలో, దిగుమతియైన భాగములను కూర్చి కార్లను సిద్ధపఱచుచుండెను. 1954లో ఆ పని ఆగిపోయెను. కార్లు మిగిలినవి, విడిభాగములు కరవైనవి. అప్పుడు వాటిని నిలిపినవారు మన వీథిమొగల మెకానిక్కులు. లేని భాగమును లేతుపై తామే మలచిరి. వేఱొక కారు కార్బురేటరును తగిలించిరి. యజమాని పెట్రోలు ఖర్చుకు వెఱచినచో డీజిలు యంత్రము నెక్కించిరి. వారి నేర్పే లేకున్న అవి ఏనాడో పాతయినుము క్రింద పోయెడివి. కాని ఆ నేర్పే మూలరూపమును కొంచెము కొంచెముగా హరించినది. ప్రాణము నిలిపిన చేయియే ముఖము మార్చినది!

ఈ భేదమును నేడు చట్టము కూడ గుర్తించుచున్నది. 2021లో కేంద్రప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము, మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏండ్లు దాటి, చట్రము, పైకట్టు, యంత్రము గణనీయముగా మార్పు చెందక మూలరూపమున నున్న సొంత వాహనమే ‘వింటేజి’ వాహనము. క్రొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయల రుసుము, గడువు 10 ఏండ్లు, సంఖ్యలో ‘వి.ఎ.’ అను అక్షరము లుండును. అమ్మిన, కొనిన సంగతిని ఉభయులును 90 దినములలో రవాణాశాఖకు తెలుపవలెను. అట్టి బండిని ప్రదర్శనకు, ర్యాలీకి, మరమ్మతునకు వీథిలోనికి తేవచ్చును గాని నిత్యవ్యవహారమునకు నడుపరాదు. పొద్దస్తమానము పాటుపడిన బండికి చట్టము విశ్రాంతి నొసగినదన్నమాట.

సాహిత్య విద్యార్థికి ఈ విషయము క్రొత్త కాదు. తాళపత్రమును చూచి వ్రాయువాడు తనకు తెలియని పదమును తెలిసిన పదముగా దిద్దినచో ప్రతి చదువుటకు సుగమమగును, కవి మాట మాత్రము మఱుగుపడును. కనుకనే సి.పి. బ్రౌన్ వంటివారు అనేక ప్రతులు సేకరించి, పండితులచే సరిపోల్చించి, శుద్ధప్రతులు వ్రాయించిరి. పాత బండిని బాగుచేయుటయు పాఠపరిష్కరణ వంటిదే. చిరిగిన ఆకును అతికింప వచ్చును, పద్యమును మార్చరాదు.

కావున కొనబోవువాడు రంగు మెఱుగు చూచి మురియరాదు. చట్రముపై సంఖ్యయు, యంత్రముపై సంఖ్యయు కాగితములతో సరిపోవునో లేదో చూడవలెను. వంగి అడుగుభాగపు త్రుప్పును, తలుపుల అంచులను, కొయ్య యున్నచో దాని అతుకులను పరీక్షింపవలెను. క్రొత్త తళుకు ఎప్పుడైనను వేయించుకొన వచ్చును. పోయిన మూలరూపము ఏ ధరకును రాదు. అమ్మువాడు పుచ్చుకొనునది ధనమే కావచ్చును, అతడు అప్పగించునది మాత్రము ఒక నిక్షేపము. దానిని చెడకుండ మఱియొక చేతి కందించినవాడే నిజమైన యజమాని.