పాత బుల్లెట్ ఇంజన్‌లో ఆయిల్ లీకేజీ: కారణాన్వేషణ, మరమ్మతు

యంత్రంలో లోపం కనిపించే చోటు, లోపం ఉన్న చోటు ఒకటే కానవసరం లేదు. దీనికి పోత ఇనుప బ్యారెల్ ఉన్న పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 350 మంచి ఉదాహరణ. ఇంగ్లండులోని రెడిచ్‌లో రూపొందిన ఈ బండి నిర్మాణం మన దేశంలో 1955లో మద్రాసులో మొదలైంది. ఆ తరువాత కొన్ని దశాబ్దాల పాటు ఇంజన్ మూల నిర్మాణం పెద్దగా మారలేదు. మన ఊళ్లలో ఇప్పటికీ నడుస్తున్న పాత బుల్లెట్లు చాలావరకు ఈ రకానివే. "బుల్లెట్ నూనె కారడం లేదంటే అందులో నూనె అయిపోయినట్టే" అని మెకానిక్కులు హాస్యమాడుతుంటారు. ఆ మాట నమ్మి లీకేజీని వదిలేయకూడదు. కారిన నూనె వెనక టైరుకు అంటితే మలుపులో బండి జారుతుంది. దానికంటే ప్రమాదకరమైనది తొందరపాటు మరమ్మతు. దాని సంగతి తరువాత చూద్దాం.

కారేది ఏ నూనె?

ఈ బండిలో నూనె మూడు వేర్వేరు గదులలో ఉంటుంది. ఇంజన్ నూనె ఒకటి. ఎడమవైపు ప్రైమరీ చైను, క్లచ్ ఉన్న పెట్టెలోని నూనె రెండవది. గేర్‌బాక్సులోనిది మూడవది. కనుక ముందుగా అడగవలసిన ప్రశ్న "ఎక్కడ కారుతోంది?" అని కాదు, "ఏది కారుతోంది?" అని. రాత్రి బండి కింద పాత దినపత్రిక పరచి, దానిమీద చక్రాల స్థానాలు గుర్తుపెట్టండి. తెల్లవారి మరకల స్థానం, రంగు, చిక్కదనం చూడండి. వాడిన ఇంజన్ నూనె నల్లబడి ఉంటుంది. గేర్‌బాక్సు నూనె చిక్కగా, వేరే వాసనతో ఉంటుంది.

ఇంజన్ నూనె ప్రయాణాన్ని కూడా తెలుసుకోవాలి. బుల్లెట్‌లో నూనె ట్యాంకు విడిగా ఉండదు. క్రాంక్‌కేసు పోతలోనే దానికొక అర ఉంటుంది. ఒక పంపు అక్కడి నుంచి నూనెను ఇంజన్‌లోకి పంపుతుంది. మరొక పంపు క్రాంక్ అడుగున చేరిన నూనెను తోడి తిరిగి ట్యాంకులో పోస్తుంది. పైనున్న రాకర్లకు బయటి సన్నని గొట్టాల ద్వారా నూనె అందుతుంది. అక్కడి నుంచి అది పుష్‌రాడ్లు ఉండే కుడివైపు సొరంగాల గుండా కిందికి జారుతుంది. ఈ సొరంగాలు హెడ్డు, బ్యారెల్ పోతలలోనే ఉన్నాయి. అందువల్ల హెడ్డుకు, బ్యారెల్‌కు మధ్య అతుకు నుంచి కూడా కుడివైపున నూనె చెమ్మ రావచ్చు.

ప్యాకింగు కంటే ముందు ఒత్తిడి

లీకేజీ కనబడగానే ప్యాకింగు మార్చడం మన షెడ్లలో అలవాటు. నా అభిప్రాయంలో ఇది తలకిందుల పద్ధతి. ఎందుకో ఒక చిన్న లెక్కతో చూద్దాం. ఈ ఇంజన్ బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90 మిల్లీమీటర్లు. సిలిండరు ఘనపరిమాణం 0.7854 × 7 × 7 × 9, అంటే సుమారు 346 ఘన సెంటీమీటర్లు. పిస్టన్ కిందికి దిగిన ప్రతిసారీ క్రాంక్‌కేసులోని గాలి అంత మేరకు నొక్కుకుంటుంది. నిమిషానికి 3000 చుట్ల వేగంలో ఇది సెకనుకు 50 సార్లు జరుగుతుంది. రెండు సిలిండర్ల ఇంజన్లు కొన్నింటిలో ఒక పిస్టన్ దిగుతుంటే మరొకటి ఎక్కుతుంది కాబట్టి గాలికి చోటు దొరుకుతుంది. ఇక్కడ ఆ అవకాశం లేదు.

ఈ గాలిని వదలడానికి బ్రీదరు ఉంది. దాని గొట్టం చివర బాతు ముక్కు ఆకారంలో రబ్బరు వాల్వు ఉంటుంది. అది గాలిని బయటికి పోనిస్తుంది, లోపలికి రానివ్వదు. కాబట్టి ఇంజన్ నడుస్తున్నప్పుడు లోపల సగటు ఒత్తిడి బయటి కంటే కొంచెం తక్కువగా ఉండి, అతుకుల వద్ద నూనె లోపలే నిలుస్తుంది. రబ్బరు గట్టిపడినా, చీలినా, గొట్టం నలిగినా, మడ్డి పేరుకున్నా ఈ ఏర్పాటు దెబ్బతింటుంది. అప్పుడు ప్రతి అతుకూ నూనెకు దారి అవుతుంది. ఒకచోట మూస్తే మరోచోట కారుతుంది. మూడు నాలుగు చోట్ల ఒకేసారి చెమ్మ కనిపిస్తే ముందుగా బ్రీదరును అనుమానించండి. రబ్బరు వాల్వు ఖరీదు కొద్దిపాటిదే.

వాల్వు బాగున్నా బ్రీదరు నుంచి ఎడతెగకుండా పొగ వస్తుంటే పిస్టన్ రింగులు, బోరు అరిగి, మండిన వాయువులు కిందికి దిగుతున్నాయని అర్థం. అప్పుడు బోరు పని చేయించక తప్పదు. ప్యాకింగులు ఎన్ని మార్చినా ఫలితం ఉండదు.

నిలబడినప్పుడా, నడిచినప్పుడా?

నడుస్తున్నప్పుడు మాత్రమే కారితే దానికి ప్రేరణ ఒత్తిడి. నిలిపి ఉంచినప్పుడు మాత్రమే కారితే గురుత్వాకర్షణ. రెండవ సందర్భంలో నూనె మట్టానికి దిగువన ఉన్న అతుకులు, డ్రెయిన్ ప్లగ్గులు, వాటి వాషర్లు మాత్రమే చూస్తే చాలు.

ఇక్కడొక చిక్కు ఉంది. కొన్ని వారాలు కదలకుండా ఉన్న బండిలో ట్యాంకు నూనె అరిగిన పంపు సందుల గుండా మెల్లగా క్రాంక్ అడుగుకు దిగిపోతుంది. కొలపుల్ల తీసి చూస్తే నూనె తక్కువగా కనిపిస్తుంది. యజమాని కొత్త నూనె పోస్తాడు. స్టార్టు చేయగానే అదనపు నూనె బ్రీదరు నుంచి చిమ్ముతుంది, సైలెన్సరు పొగ కక్కుతుంది. నిజానికి నూనె ఎక్కడికీ పోలేదు. ఇంజన్‌ను కొద్ది నిమిషాలు నడిపి, ఆపిన తరువాతే మట్టం కొలవాలి.

ప్రైమరీ పెట్టెలో పోయకుండానే నూనె మట్టం పెరుగుతుంటే, క్రాంక్ ఎడమ చివరనున్న సీలు దాటి ఇంజన్ నూనె అక్కడికి వస్తోందని గ్రహించాలి. బయట చుక్క పడకపోయినా ఇదీ లీకేజీయే.

పొడి పరీక్ష

ఇంజన్‌ను కిరోసిన్, బ్రష్షుతో బాగా కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ఈ పనికి పెట్రోలు వాడవద్దు. అనుమానం ఉన్న చోట్ల టాల్కం పౌడరు పలచగా చల్లండి. బండిని అయిదారు కిలోమీటర్లు నడిపి వెంటనే చూడండి. గాలి నూనెను వెనక్కి తోస్తుంది, బరువు కిందికి లాగుతుంది. కనుక తడిసిన పొడిలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందున్న బిందువే అసలు చోటు. అడుగు ప్లగ్గు దగ్గర వేలాడే చుక్క రాకరు గొట్టం బోల్టు దగ్గర పుట్టి ఉండవచ్చు.

మరమ్మతు

రాకరు గొట్టం బోల్టుకు రాగి వాషర్లు ఉంటాయి. ఒకసారి బిగించిన రాగి గట్టిపడి మళ్లీ అతుకుకు ఒదగదు. దాన్ని మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్లలో వేస్తే మెత్తబడుతుంది. ఉక్కులా రాగి హఠాత్తుగా చల్లార్చినందువల్ల గట్టిపడదు.

అల్యూమినియం మూతలను అతిగా బిగించడం వల్ల అవి వంగుతాయి. ప్రైమరీ పెట్టె మూతను మధ్యనున్న ఒకే నట్టు పట్టి ఉంచుతుంది. కారుతోందని దాన్ని ఇంకా బిగిస్తే మూత వంగి లీకేజీ పెరుగుతుంది. అక్కడ మార్చవలసింది చుట్టూ ఉండే రబ్బరు సీలును. ఇతర మూతల సమతలాన్ని మందపాటి అద్దం మీద పెట్టి పరీక్షించవచ్చు. అద్దంపై సన్న ఎమరీ కాగితం పరచి మూతను 8 అంకె ఆకారంలో రుద్దితే ఎత్తుపల్లాలు మెరుపులో తేడాగా తెలుస్తాయి. పాత ప్యాకింగును స్క్రూడ్రైవరుతో గీకితే పడే గీత కొత్త లీకేజీకి దారి అవుతుంది. చెక్క లేదా ప్లాస్టిక్ బద్ద వాడాలి.

ఇక మొదట చెప్పిన ప్రమాదం. టైమింగ్ కవరు కేవలం మూత కాదు, నూనె పంపులూ నూనె దారులూ అందులోనే ఉన్నాయి. కారుతోందని అక్కడ సిలికోన్ పేస్టు దట్టంగా పూస్తే, బిగించినప్పుడు అది లోపలికి పొంగి దారిని మూసేయవచ్చు. ఊడిన ముక్క నూనెతో పాటు వెళ్లి ఎక్కడైనా అడ్డుపడవచ్చు. బయట చుక్క పడదు, యజమాని సంతోషిస్తాడు. లోపల కనెక్టింగ్ రాడ్ పెద్ద చివరకు నూనె అందక బేరింగు పట్టేస్తుంది. నడుస్తున్న బండి ఇంజన్ ఒక్కసారిగా బిగుసుకుంటే ఏమవుతుందో ఊహించవచ్చు. కాబట్టి ఇక్కడ సరైన కొలత కాగితపు ప్యాకింగే వాడాలి. కవరు విప్పిన ప్రతిసారీ క్రాంక్‌కు నూనె అందే చోటున్న కార్క్ సీలు కొత్తది వేయాలి. బిగించి స్టార్టు చేశాక నూనె తిరుగుతోందో లేదో చూసుకోకుండా బండిని రోడ్డు మీదికి తీయకూడదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఒక బుల్లెట్‌లో గత నెల రాకరు మూతల ప్యాకింగులు మార్చారు. ఇప్పుడు ట్యాపెట్ మూత దగ్గర, బ్యారెల్ అడుగున చెమ్మ వస్తోంది. నిలిపి ఉంచితే ఒక్క చుక్కా పడదు. ముందుగా మీరు ఏ భాగాన్ని పరీక్షిస్తారు? అది బాగానే ఉందని తేలితే తరువాత దేన్ని అనుమానిస్తారు? కారణాలతో రాయండి.