పాత మోటారు పడవను కొనబోవునపుడు

జమ్మలమడుగు ప్రాంతమున వెనుకటి తరమువారికి పడవ యనగా పుట్టియే. వెదురు బద్దలతో అల్లిన గుండ్రని బుట్టకు తోలు కప్పి, ఏరు నిండి పారునపుడు దానిపై పెన్నను దాటెడివారు. తరువాత మైలవరము వద్ద ఆనకట్ట వచ్చినది. దానికి ఎగువను గండికోట వద్ద 26.85 టి.ఎం.సి. ల జలాశయము, పులివెందుల దిక్కున పార్నపల్లె వద్ద చిత్రావతి జలాశయము వెలసినవి. ఒకప్పుడు వేసవిలో నడిచి దాటిన చోటులందు ఇప్పుడు లోతైన నీరు నిలుచుచున్నది. అట్టి నీటిపై చేపలు పట్టుటకో, ఒడ్డునుండి ఒడ్డునకు పోవుటకో చిన్న మోటారు పడవ కావలెనని కొందరికి తోచుట సహజము. కొత్తదాని వెల ఎక్కువ; కావున పాతదానిని వెదకుదురు.

సంతలో ఎద్దును కొనువాడు దాని పండ్లు చూచును, నడిపించి చూచును. పడవ విషయమున మెట్టసీమవారికి అట్టి అనుభవము లేదు. మెరయు రంగును చూచి మోసపోవుట సులభము. ఎద్దు విషయమున పొరపడినచో డబ్బు పోవును. పడవ విషయమున పొరపడినచో నడినీట మనుషులే పోవచ్చును. కాబట్టి పాత పడవలో ఏమి చూడవలెనో, ఎందుకు చూడవలెనో తెలిసికొందము.

నేడు దొరకు చిన్న పడవలలో పెక్కు ఫైబర్ పడవలు. గాజును సన్నని నారలుగా తీసి, చాపవలె పరచి, రెజిన్ అను జిగురుతో తడిపినచో అది గట్టిపడి ఒకే పెంకుగా ఏర్పడును. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత ఈ పద్ధతి లోకమంతట వ్యాపించినది. గాజునార చివుకదు, చెదలు పట్టదు. ఇక పాత పడవ చెడుటెట్లు? పెంకు ఒక్కటే పడవ కాదు. ఇంజనును మోయు వెనుక పలకలోను, కాలు మోపు నేలక్రిందను బలము కొరకు చెక్కనో, ప్లైవుడ్డునో పెట్టి పైన గాజునార కప్పుదురు. కొన్నిటిలో పడవ మునుగకుండుటకై నేలక్రింద తేలికయైన నురుగు దిమ్మలను నింపుదురు. బిగించిన ప్రతి మేకు రంధ్రము వెంబడి నీరు లోనికి దిగును. చెక్క లోలోపల చివుకును. నురుగు నీటిని పీల్చును. పైన మాత్రము పెంకు నిగనిగలాడుచునే యుండును. పాత పడవ పరీక్ష యనగా ముఖ్యముగా ఈ దాగిన నీటిని వెదకుటయే.

దీనికి మొదటి సాధనము త్రాసు. రంగు అబద్ధమాడవచ్చును గాని బరువు ఆడదు. పడవను ట్రాక్టరు ట్రాలీపై ఎక్కించి ప్రొద్దుటూరులోనో, జమ్మలమడుగులోనో లారీకాటాపై తూచవలెను. పడవను దింపి ట్రాలీని మరల తూచవలెను. ఈ రెండింటి తేడాయే పడవ బరువు. ఇంజను, ఇంధనపు డబ్బా మొదలగువాటిని ముందే తీసివేయవలెను. ఆ నమూనా పడవ పొడి బరువు తయారుచేసినవారి పలకపై గాని, వివరపత్రములో గాని ఉండును. అది 250 కిలోలనుకొందము. కాటా 340 కిలోలు చూపినచో ఆ 90 కిలోలు ఎక్కడివి? మరమ్మతులో అదనముగా చేర్చిన సామగ్రి ఏదియు లేనిచో, పది లీటర్ల బిందెలు తొమ్మిదింటికి సరిపడు నీరు లోపల దాగియున్నదన్నమాట. లారీకాటా ఐదు పది కిలోల తేడాను సరిగా పట్టలేదు. కావున చిన్న తేడాకు భయపడ నక్కరలేదు.

కాటా దగ్గరలో లేనిచో ఆర్కిమెడీస్ సూత్రమే కాటా యగును. తేలు వస్తువు తన బరువుకు సమానమైన బరువుగల నీటిని తొలగించును. పడవ పొడవు 4 మీటర్లు, వెడల్పు 1.5 మీటర్లు అనుకొందము. ముందుకొస సన్నగా ఉండుటచే నీటిమట్టము వద్ద దాని వైశాల్యము 6 చదరపు మీటర్లు కాక, సుమారు 4.2 చదరపు మీటర్లుండును. అట్టి పడవ ఒక్క సెంటీమీటరు లోతు దిగినచో 42 లీటర్ల నీటిని తొలగించును. అనగా 42 కిలోల బరువు పెరిగినదని అర్థము. ఖాళీ పడవ తన పాత నీటిగీతకంటె 3 సెంటీమీటర్లు క్రిందికి దిగియున్నచో 126 కిలోలు, అనగా ఇంచుమించు ఇద్దరు మనుషుల బరువు, ముందే ఎక్కి కూర్చున్నదన్నమాట. తరువాత ఎక్కువారికి ఆ మేరకు చోటు తగ్గినట్లే.

రెండవ సాధనము చెవి. మన ప్రాంతపు నాపరాతి పనివారు బండను తట్టి, మ్రోతనుబట్టి పగులు తెలిసికొందురు. కుండను కొను ఇల్లాలు చేయు పనియు అదియే. పడవను కూడ చిన్న కొయ్యసుత్తితో జానెడు జానెడు దూరమున తట్టుచు పోవలెను. పొరలు గట్టిగా అతుకుకొనియున్నచోట స్పష్టమైన మ్రోత వచ్చును. పొరలు విడిపోయిన చోట, చెక్క నానిన చోట మ్రోత చప్పబడి బొద్దుగా వినిపించును. అట్టి చోట్లను సుద్దతో గుర్తించినచో చెడు ఎంతవరకు ప్రాకినదో కంటికి కనబడును.

తరువాత వట్టికాళ్ళతో పడవలో నడువవలెను. నేల మెత్తగా క్రుంగినచో క్రింది చెక్క చివికినదన్నమాట. ఇంజను బిగించియుండగా దాని అడుగు భాగమును పట్టి మెల్లగా ముందుకు వెనుకకు ఊపుచు, వెనుక పలకను చూడవలెను. పలక కదలినను, మూలలందు పగుళ్ళు నోరు తెరచినను ఆ పడవను వదలుట మంచిది. ఇంజను తోపు అంతయు ఆ పలకపైననే పడును. అనుమానము తీరనిచో యజమాని అనుమతితో లోపలి ప్రక్కన సన్నని రంధ్రము వేయించి, వచ్చిన పొట్టును చూడవలెను. పొడిగా, లేత రంగుతో ఉన్నచో మేలు. నల్లగా, తడిగా, ముక్కవాసనతో ఉన్నచో పలక పోయినట్లే.

అడుగున చిన్న బొబ్బలు కనబడవచ్చును. ఇవి ద్రవాభిసరణము వలన కలుగును. చాలకాలము నీటిలోనున్న పడవ పైపూతగుండ నీరు మెల్లగా లోనికి చేరి, అందు మిగిలియున్న పదార్థములను కరగించును. ఆ చిక్కని ద్రావణము బయటి నీటిని ఇంకను లోనికి లాగును. ఒత్తిడి పెరిగి పైపూత ఉబ్బును. ఎండుద్రాక్షను నీట వేసినపుడు ఉబ్బుట కూడ ఇట్టిదే. నాలుగైదు బొబ్బలు ప్రమాదము కాదు. అడుగంతయు నిండియున్నచో మరమ్మతు ఖర్చు ఎక్కువగును.

ఇక ఇంజను. పరీక్షకు పోగానే దానిపై చేయి వేసి చూడుడు. వెచ్చగా ఉన్నచో, మీరు రాకమునుపే దానిని నడిపియుందురు. చల్లని ఇంజను సులభముగా మొదలగునా లేదా అన్నది మీకు తెలియదు. వెలుపల తగిలించు ఇంజనును నీరు లేక నడుపరాదు. నీటిని తోడు రబ్బరు చక్రము కొద్దిసేపటికే కాలి పాడగును. పెద్ద డ్రమ్ములో నీరు పోసి, అందు దింపి నడిపింపవలెను. ప్రక్కనుండి సన్నని నీటిధార ఎడతెగక వచ్చుచుండిన శీతల జలము తిరుగుచున్నదని అర్థము. గేరు ఆయిలు మరను విప్పి కొంచెము కార్చి చూడవలెను. అది పాలవలె తెల్లబడియున్నచో లోనికి నీరు చేరినది. మెకానికుచేత ప్రతి సిలిండరులోని కంప్రెషనును కొలిపింపవలెను. అంకె ఎంత యనుటతో పాటు, సిలిండర్ల మధ్య తేడా ఎంత యనునదియు ముఖ్యము. సముద్రతీరమునుండి వచ్చిన ఇంజనైనచో నీటిదారులందు ఉప్పు పేరుకొనియుండవచ్చును.

తుది పరీక్ష నీటిలోనే. ఒడ్డు ప్రక్కన, లోతు తక్కువచోట, మనుషులకు బదులు ఇసుక బస్తాలను తూచి ఎక్కింపవలెను. అనుకొన్న బరువంతయు ఎక్కిన పిదప అంచు నీటికి ఎంత ఎత్తున నున్నదో కొలువవలెను. జానెడైనను మిగులనిచో ఆ బరువు ఆ పడవకు తగదు. జలాశయము నిండుకొలది నీటి వెడల్పు పెరుగును. గాలి ఎంత దూరము నీటిపై సాగిన అలలు అంత ఎత్తగును. ఉదయము అద్దమువలె నున్న నీరు సాయంకాలమునకు అట్లుండదు. బస్తాలను ఒక ప్రక్కకు జరిపి పడవ ఎంత ఒరగునో కూడ చూడవలెను. భయపడిన జనము ఒకే ప్రక్కకు చేరుదురుగదా.

పత్రములను మరువరాదు. 1917 నాటి చట్టమునకు బదులుగా 2021లో పార్లమెంటు దేశాంతర్గత నౌకల చట్టమును చేసినది. ఇంజనుతో నడచు పడవల సర్వేను, రిజిస్ట్రేషనును గూర్చి అందు నియమములు కలవు. 2019 సెప్టెంబరు 15న గోదావరిపై కచ్చులూరు వద్ద పర్యాటకుల పడవ మునిగిన ఘోరము మనకు తెలియనిది కాదు. ప్రమాదములకు కారణములు పెక్కు. కాని పడవ స్థితి, ఎక్కినవారి సంఖ్య, లైఫ్ జాకెట్లు అను మూడును బయలుదేరకముందే మన చేతిలోనుండును.

చివరకు లెక్క వేయుడు. పైపూత గీతలు, వెలిసిన రంగు, చిరిగిన ఆసనములు చౌకగా సరియగును. వాటిని చూపి ధర తగ్గించుమని అడుగవచ్చును. నానిన నేల, కదలు వెనుక పలక, కంప్రెషను పోయిన ఇంజను అట్లు కావు. వీటి మరమ్మతు ఒక్కొక్కప్పుడు పడవ వెలనే మించును. అమ్మువాడు తూచుటకు, తట్టుటకు, నీట దింపుటకు ఒప్పుకొననిచో ఆ బేరమును అక్కడనే విడిచి ఇంటికి వచ్చుట మేలు.