చెదలు పండించే కూర

తొలకరి తర్వాత నాలుగు వానలు పడి ఉక్కపోస్తే చాలు, బోనకల్ చేలగట్ల మీద, భద్రాచలం వైపు అడవుల అంచున చెదపుట్టల దగ్గర పుట్టగొడుగులు లేస్తాయి. ఉరుములకు పుడతాయంటారు. నిజానికి అవి చెదపురుగులు పెంచే పంట.

ఎండుటాకులూ పుల్లలూ కొరికి మింగిన చెదలు, తమ విసర్జనతో పుట్టలోపల చిల్లులు చిల్లులుగా గూడు కడతాయి. అందులో టెర్మిటోమైసిస్ అనే శిలీంధ్రం పెరుగుతుంది. కలపకు గట్టిదనమిచ్చే లిగ్నిన్‌ను విడగొట్టే పని దానిదే. గూటిమీద మొలిచే తెల్లని బుడిపెలూ, మాగిన గూడూ చెదలకు తిండి. ఈ పొత్తు ఆఫ్రికాలో సుమారు 3 కోట్ల ఏళ్ల కిందట మొదలైంది. పుట్టలోని ఈ శిలీంధ్రం గురించి 1779లోనే రాసిన లిన్నేయస్ శిష్యుడు యోహాన్ కోనిగ్, 1785లో మన కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. మన పుట్టల శాస్త్రం అంత పాతది!

వానలకు ఆ గూటి నుంచే పొడవాటి వేరులాంటి కాడ పైకి సాగుతుంది, మొనదేలిన తల మట్టిని చీల్చుకొస్తుంది. అందుకే పెరికినప్పుడు కాడ లోతుకు పోతూనే ఉంటుంది. వీటిలో రకాలెన్నో. మైక్రోకార్పస్ చిట్టి గొడుగులు, చెదలు బయటికి తెచ్చి పరిచిన గూటి ముక్కల మీద గుంపుగా పూస్తాయి. జాంబియాలోని టైటానికస్ గొడుగు మీటరు వెడల్పు దాకా విచ్చుకుంటుంది. చెదలు వదిలేసిన పుట్టలో జైలేరియా అనే మరో శిలీంధ్రం రాజ్యమేలుతుంది. దాని నల్లటి గడ్డలు చైనాలో నిద్రలేమికి మందు.

తెల్లగా ఉన్నదల్లా కూర కాదు. క్లోరోఫిల్లం మోలిబ్డైటిస్ కూడా తెల్లటి గొడుగే. తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. గొడుగును తెల్లకాగితం మీద రాత్రంతా బోర్లిస్తే క్లోరోఫిల్లం బీజాలు ఆకుపచ్చగా రాలతాయి, చెదల పుట్టగొడుగువి లేత గులాబీ రంగులో రాలతాయి. ఈ ఒక్క గుర్తుతోనే తినేయకూడదు, బాగా ఎరిగినవాళ్లు చూడాలి. వెండి చెంచా నల్లబడుతుందా, వెల్లుల్లి రంగు మారుతుందా అనే పరీక్షలను అసలు నమ్మొద్దు.

వరిగడ్డి మీద ముత్యపుచిప్ప పుట్టగొడుగులను పెంచినట్టు చెదల పుట్టగొడుగులను షెడ్డులో పెంచి అమ్మే పద్ధతి లేదు. ట్రాక్టరుతో పుట్టను చదును చేసినా, చెదల మందు పోసినా ఆ చోట ఈ కూర పోయినట్టే. మొగ్గలన్నీ ఏరేయడమూ నష్టమే. వానల్లో ఎగిరిన ఉసిళ్లు కొత్త పుట్ట పెట్టినప్పుడు, చాలా జాతుల్లో తొలి చెదకూలీలు శిలీంధ్ర బీజాలను బయటి నుంచే ఏరి తెచ్చుకుంటాయి. ఆ బీజాలు పూర్తిగా విచ్చిన గొడుగుల నుంచి రాలినవే.